పేలిక విప్పిన చెయ్యి

"ఈ సంతకం కలవట్లేదమ్మా."

కార్మిక బీమా ఆఫీసు కౌంటరు వెనకున్న గుమాస్తా కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ ఆమె ముందుకే తోశాడు.

"ఎడం చేత్తో పెట్టానండీ. కుడిచెయ్యి ఇలా ఉంది కదా," అంటూ చిన్నకోడలు మోచేతి దాకా కట్టు ఉన్న చేతిని కౌంటరు మీదికెత్తి చూపించింది. అతను చేతివంక చూడలేదు. కాగితాన్నే చూస్తున్నాడు.

"నేనూ అదే చెప్తున్నా. కంపెనీ రికార్డులో ఉన్న సంతకం వేరు, ఇది వేరు."

"పోయినసారి వేలిముద్ర వేస్తానంటే వద్దన్నారండీ. సంతకం వచ్చినవాళ్లు వేలిముద్ర వెయ్యకూడదన్నారు."

"నేనన్నానా?"

"ఆ సీట్లో ఉన్నాయన."

"ఆయన బదిలీ అయిపోయాడు."

ఇంతసేపూ వెనక నిలబడి ఓపిక పట్టిన ఆమె భర్త ముందుకొచ్చాడు. అతను ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. పని మధ్యలో వదిలేసి వచ్చాడేమో, చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ తొంగిచూస్తోంది.

"అయితే ఆవిడ చెయ్యి బాగయ్యాక రమ్మంటారా సార్? చెయ్యి బాగయితే ఇక మీతో మాకేం పని?"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. గుమాస్తాకు కూడా నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "పైన ఆఫీసరు మేడమ్ ఉన్నారు. ఆవిడతో చెప్పుకోండి," అని వెనకున్న మనిషిని పిలిచాడు.

ఆఫీసరు మేడమ్ సంతకం సంగతి వినగానే ఎడం చేతి సంతకం పక్కన తన పొట్టి సంతకం చేసి, "అదేం పెద్ద విషయం కాదు," అంది. చిన్నకోడలికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఫైలు తిప్పింది.

"అసలు విషయం వేరే ఉంది. మీ కంపెనీ జవాబిచ్చింది. దెబ్బ తగిలిన కొద్దిసేపటికే మిషన్ తనిఖీ చేశారట. చెయ్యి లోపలికి పోకుండా ముందు అడ్డకమ్మి ఉంటుందట కదా? అది శుభ్రంగా పనిచేస్తోందట. కమ్మికి ఏది తగిలినా మిషన్ ఆగిపోవాలి. కాబట్టి ఈ దెబ్బ ఆ మిషన్ మీద తగిలే అవకాశం లేదంటున్నారు."

"మరి ఎక్కడ తగిలిందట?"

ఆఫీసరు కాస్త ఇబ్బందిగా చదివింది. "ఇంట్లో ఇస్త్రీ చేసుకునేటప్పుడు కాలి ఉండవచ్చని."

మెకానిక్ ఫైలును తనవైపు తిప్పుకుని ఆ వాక్యాన్ని తనే చదువుకున్నాడు.

* * *

ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు ఉతికిచ్చే పెద్ద లాండ్రీ అది. తోడికోడళ్లిద్దరూ అక్కడే, ఒకే మిషన్ మీద పనిచేసేవారు. అందుకే ఇంట్లో లాగే అక్కడా వాళ్లను పెద్దది, చిన్నది అనే పిలిచేవారు. తడి దుప్పటికి చెరో కొస పట్టుకుని, సాగదీసి, సెగలు కక్కే రోలర్ల మధ్యకు అందిస్తే అవతల పొడిగా, నునుపుగా వచ్చి పడుతుంది. వేరేవాళ్లతో జత కడితే దుప్పటి వంకర పోయేది. వీళ్లిద్దరికీ చేయి కుదిరింది.

రోలర్ల ముందు ఒక సన్నని కమ్మి అడ్డంగా ఉంటుంది. దానికి వేలు తగిలినా మిషన్ ఆగిపోతుంది. గొడవల్లా ఏమిటంటే, దుప్పటి అంచు మడతపడి కాస్త మందంగా తగిలినా ఆగిపోతుంది. ఆగిందంటే మళ్లీ వేడెక్కి అందుకునేదాకా బండ్లలో తడిబట్ట పేరుకుపోతుంది. అందుకని పొద్దున రాగానే చిరిగిన దుప్పటి పేలిక ఒకటి తీసుకుని కమ్మిని పైకెత్తి కట్టేసేవారు. ఈ పని చెయ్యమని ఎవరూ చెప్పరు. చెయ్యొద్దనీ ఎవరూ చెప్పరు. సూపర్‌వైజరు రోజూ ఆ పేలికల పక్కనుంచే నడిచి వెళ్తాడు. ప్రతి మాటకూ ముందు "ఒక్క నిమిషం" అంటాడని ఆడవాళ్లు అతనికి నిమిషం అని పేరు పెట్టుకున్నారు.

తనిఖీకి ఎవరైనా వస్తే గేటు దగ్గర కాపలా మనిషి లోపలికి కబురు పంపేవాడు. "చుట్టాలొచ్చారు!" అని ఒకామె కేక వేసేది. అంతే, వరుసలో ఉన్న ఆడవాళ్లందరూ తలెత్తకుండానే చేయి చాపి పేలిక లాగేసేవారు. ఒక్క లాగుకు ఊడొచ్చేలా జారుముడి వేసేవారు. అలా లాగేసి జేబులో కుక్కుకోవడం ఎంత అలవాటంటే, కొత్తగా చేరినవాళ్లకు పని కన్నా ముందు ముడి నేర్పించేవారు.

* * *

ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది. సంగతి విని చెంపన చెయ్యి పెట్టుకుంది.

"ఇస్త్రీ చేసుకుంటూ కాల్చుకుందటనా? మనింట్లో ఇస్త్రీపెట్టె ఎక్కడుందో చూపించమను, నేనూ చూసి పెడతాను! ఊళ్లోవాళ్ల దుప్పట్లన్నీ ఇస్త్రీ చేసొచ్చి మీరిద్దరూ నలిగిన బట్టలేగా వేసుకునేది!"

"అత్తయ్యా, మీరాగండి."

"నేనెందుకాగాలి? నన్ను తీసుకెళ్లు ఆ ఆఫీసుకు. నేను చెప్తాను."

"నువ్వొస్తే ఆ కౌంటరు ఉన్నది కూడా మూసేస్తారమ్మా," అన్నాడు కొడుకు, చెప్పులు విప్పుతూ.

సాయంత్రం పెద్దకోడలు పనినుంచి వచ్చి, ముఖం కడుక్కుని, దువ్వెన తీసుకుని చిన్నకోడలి వెనక కూర్చుంది. చేతికి దెబ్బ తగిలినప్పటినుంచీ తల దువ్వడం, బొత్తాలు పెట్టడం, కూర తరిగి పెట్టడం అన్నీ ఆమే. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

"అక్కా, నాకొకటి అర్థం కావట్లేదు," అంది చిన్నకోడలు. "కమ్మి బాగుందని రాశారు. ఎలా బాగుంటుంది? ఆ రోజు పొద్దున మనమే కదా కట్టింది? నేనే ముడి వేశాను. నాకు బాగా గుర్తు."

దువ్వెన ఆగింది.

"కట్టిన పేలిక చూస్తే వాళ్లకే తెలుస్తుంది కదా చెయ్యి ఎలా వెళ్లిందో. దుప్పటి మూల మడతపడింది, సర్దబోయాను, లాగేసింది. పేలిక ఏమైనట్టు?"

చిన్నకోడలు తల తిప్పబోతే జుట్టు పట్టి మళ్లీ ముందుకు తిప్పింది పెద్దకోడలు.

"నేనే విప్పేశాను."

"ఏంటీ?"

"నిన్ను బండెక్కిస్తూనే నిమిషం పైవాళ్లతో ఫోన్లో మాట్లాడాడు. ఎవరో వస్తారని అర్థమైంది. పేలిక చూస్తే, కమ్మి కట్టేసుకుంది, తప్పు దానిదే, పనిలోంచి తీసెయ్యండి అంటారనుకున్నాను. నీ ఉద్యోగమైనా నిలబెడదామని..." ఆమె దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసింది. "నిజం చెప్పమంటావా? అంత కూడా ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే వెళ్లింది. ఎవరైనా వస్తున్నారంటే లాగెయ్యడమేగా మనకు తెలిసింది."

జడ సగంలో ఉంది.

"రెండు నెల్లబట్టీ రోజూ నా తల దువ్వుతున్నావు," అంది చిన్నకోడలు.

"అవును."

"ఒక్కరోజు కూడా చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించింది."

* * *

రాత్రి భోజనాల దగ్గర ఈ మాట బయటపడింది. మెకానిక్ కంచం పక్కకు నెట్టేశాడు.

"అయితే ఇంకేం వదినా? రేపే ఆఫీసుకెళ్లి నువ్వే విప్పానని చెప్పు. అయిపోతుంది."

"అయిపోతుంది. నా పనీ అయిపోతుంది," అంది పెద్దకోడలు. "సాక్ష్యం దాచానని ఆ మధ్యాహ్నానికే గేటు బయట ఉంటాను. అమ్మాయి నర్సు చదువు ఇంకో ఏడాది ఉంది. మీ అన్నయ్య ఉంటే నేనిలా లెక్కలు చూసుకునేదాన్ని కాదు."

అన్నయ్య మాట వచ్చేసరికి అతను నోరు మూసుకున్నాడు. అన్నయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత ఈ ఇంట్లో పెద్దకోడలు ఎవరినీ ఏదీ అడిగింది లేదు.

"దాని వేళ్లు బిగుసుకుపోతున్నాయి వదినా," అన్నాడు కాసేపటికి, మెల్లగా.

అది అందరికీ తెలిసిందే. మొదటిరోజు ఆసుపత్రిలో చేసింది ప్రాణాపాయం లేకుండా చేసిన వైద్యం మాత్రమే. వేళ్లు మళ్లీ ముడుచుకోవాలంటే ఇంకో ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు అప్పుడే చెప్పాడు. ఆలస్యమయ్యేకొద్దీ నరాలు అతుక్కుపోతాయి, ఆ తర్వాత తను కూడా ఏమీ చెయ్యలేడన్నాడు. ఆ ఆపరేషన్ సొంతంగా చేయించుకునే స్తోమత ఈ ఇంటికి లేదు. పనిలో తగిలిన దెబ్బేనని ఆ ఆఫీసు ఒప్పుకుంటేనే ఆసుపత్రివాళ్లు తేదీ ఇస్తారు. ఆఫీసు ఒప్పుకోవాలంటే పేలిక ఉండాలి. పేలిక లేదు.

"ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు," అంది చిన్నకోడలు. ఎడం చేత్తో తింటుంటే మెతుకులు ఒళ్లో పడుతున్నాయి. వాటిని ఏరుకోవడానికి కూడా ఆమెకు కోపంగానే ఉంది. "నేనే చూసుకుంటాను."

చూసుకోవడం అంటే తిరగడమే. ముందు నిమిషం దగ్గరికి వెళ్లింది. పని దిగి బయటికొస్తున్న అతన్ని గేటు దగ్గర పట్టుకుంది. ఆ రోజు సొంత బండిలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది అతనే. సీటు మీద రక్తం పడిందని ఒక్క మాట కూడా అనలేదు.

"ఒక్క నిమిషం అమ్మా," అని అటూ ఇటూ చూశాడు. "చెయ్యి ఎలా ఉంది?"

"ఇంట్లో ఇస్త్రీ చేసుకుంటూ కాల్చుకున్నాను కదా సార్, అలాగే ఉంది."

అతని ముఖం మాడిపోయింది. "అది నేను రాయలేదు. పైవాళ్లు రాశారు."

"కమ్మి కట్టి ఉంటుందని మీకు తెలియదా?"

"తెలుసని నేనెలా చెప్తాను? చెప్తే, తెలిసీ ఎందుకు ఊరుకున్నావని నన్నడుగుతారు. నాకూ పిల్లలున్నారమ్మా. నేనప్పుడు మెట్ల దగ్గర ఉన్నాను, చూడలేదు, అంతే." బండి తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఆఫీసుకు వెళ్లింది. మేడమ్ సెలవు. మళ్లీ వెళ్లింది. మేడమ్ మీటింగు. ఇంకోసారి వెళితే మేడమ్ ఉంది గానీ ఫైలు లేదు. చివరికి మేడమూ ఫైలూ ఒకేచోట దొరికిన రోజు, కమ్మి కట్టి ఉండేదని తనే చెప్పేసింది.

"ఎవరు కట్టారు?"

"నేనే."

"తర్వాత ఎవరు విప్పారు?"

చిన్నకోడలు గోడమీది గడియారం వైపు చూసింది. "తెలియదండీ."

ఆఫీసరు పెన్ను కింద పెట్టింది. "చూడమ్మా, నేను నిన్ను నమ్ముతున్నానో లేదో ఎవరికీ అక్కర్లేదు. ఒక్కళ్లు, ఒక్కరంటే ఒక్కళ్లు, చూశామని చెప్పాలి. వచ్చే వారం విచారణ పెడతాను. కంపెనీవాళ్లు వాళ్ల సాక్షుల్ని తెస్తారు. నువ్వూ ఎవరినైనా తీసుకురా."

ఆమె లాండ్రీలో ఆడవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. అందరూ కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు, చెయ్యి చూసి కళ్లు తుడుచుకున్నారు. వస్తామని మాత్రం ఒక్కరూ అనలేదు. ఒకామె అయితే గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ, "మీ పెద్దది ఉందిగా, అదే పక్కనున్నది, దాన్ని అడక్కపోయావా?" అంది. చిన్నకోడలు ఆ మాటకు గడప దాటి వచ్చేసింది.

ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు మాట్లాడుకోవడమే తప్ప తోడికోడళ్లు మాట్లాడుకోలేదు. పొద్దున పెద్దకోడలు దువ్వెన పట్టుకుని వచ్చేసరికి చిన్నకోడలు అత్తగారి ముందు కూర్చుని ఉండేది. ఆవిడకు చూపు ఆనక జడ ఎటో వెళ్లిపోయేది.

"దానిచేత వేయించుకోవే, నీ తల పిచ్చుకగూడులా ఉంది," అంది అత్తగారు.

"ఉండనీండి."

* * *

విచారణ గదిలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఇనుప కుర్చీలు. ఒకవైపు భార్యాభర్తలు కూర్చున్నారు. రెండోవైపు కంపెనీ తరఫు పెద్దమనిషి, అతని పక్కన నిమిషం. సాక్షుల్ని పిలవమని ఆఫీసరు అనగానే తలుపు తీసుకుని పెద్దకోడలు లోపలికొచ్చింది. వచ్చి కంపెనీవాళ్ల వైపు కూర్చుంది.

మెకానిక్ కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి జరిగాడు. పొద్దున ఇంట్లోంచి ఆమె మామూలుగా డ్యూటీకని బయల్దేరింది. పెద్దమనిషి తెలివైనవాడు. ఇంటిమనిషి చేతే కమ్మి బాగుందనిపిస్తే ఇంకెవరూ నోరెత్తక్కర్లేదు. ఆమె మీద చిన్నకోడలి మనసులో మిగిలిన కాస్త జాలీ ఆ క్షణాన ఆవిరైపోయింది.

ఆఫీసరు అడిగింది. "ఆ రోజు మీరు అదే మిషన్ మీద ఉన్నారా?"

"ఉన్నానండి."

"దెబ్బ తగలడం చూశారా?"

"నేను అవతలి కొస దగ్గర ఉన్నాను."

"మేనేజరు వచ్చి మిషన్ చూసినప్పుడు మీరున్నారా? అప్పుడు కమ్మి మామూలుగా ఉందా?"

"ఉందండి. బాగుంది."

పెద్దమనిషి తన కాగితాలు దొంతర పెట్టుకున్నాడు. ఆఫీసరు రాసుకుంటోంది. నిమిషం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇక ఎవరూ ఏమీ అడిగేలా లేరు. పెద్దకోడలు లేవలేదు.

"మీరు వెళ్లొచ్చమ్మా," అంది ఆఫీసరు.

"ఎందుకు బాగుందో అడగరేంటి?"

ఆఫీసరు తలెత్తింది.

"కమ్మి ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు. లాండ్రీలో అడిగారు, నిన్న మళ్లీ పిలిచి అడిగారు. బాగుందంటే చాలంటున్నారు. అంతకుముందు ఎలా ఉందో ఎవరూ అడగరు. దాన్ని నేను బాగుచేశానండి. పేలికతో కట్టి ఉంటే, నేనే విప్పేశాను. విప్పి జేబులో పెట్టుకున్నాను. ఆ పూట కాదు, ఏ పూట చూసినా ఆ వరుసంతా కట్టే ఉంటాయి. ఎవరైనా వస్తున్నారంటే లాగేస్తాం."

"ఆలోచించి మాట్లాడమ్మా," అన్నాడు పెద్దమనిషి, నెమ్మదిగా.

"ఆలోచించాను కాబట్టే రెండు నెలలు మాట్లాడలేదండి."

ఆఫీసరు నిమిషం వైపు తిరిగి, "నిజమేనా?" అంది. అతను "ఒక్క నిమిషం," అన్నాడు. ఆ నిమిషం ఎంతకీ పూర్తి కాలేదు. ఆఫీసరు పూర్తయ్యేదాకా ఆగకుండా రాసుకుంది.

"ఎవరు కట్టారు, ఎవరు విప్పారు అన్నది మీరూ మీరూ తేల్చుకోవాల్సిన సంగతి," అంది పెద్దమనిషితో. "పని చేస్తుండగా మీ మిషన్ మీద తగిలిన దెబ్బ ఇది. ఇస్త్రీపెట్టె ఊసు ఇక ఎత్తకండి."

* * *

కథ అక్కడితో తేలిపోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. అత్తగారైతే ఆ సాయంత్రం ఎదురింటివాళ్లను పిలిచి మరీ చెప్పింది. కానీ ఆఫీసరు రాసిన దానిమీద ఆమె పైఅధికారి సంతకం పెట్టాలి. ఆయన ట్రైనింగుకు వెళ్లాడు. ఆయన వచ్చాక కంపెనీవాళ్లు తాము ఒప్పుకోవడం లేదని ఇంకో కాగితం పెట్టారు. దానికి జవాబు రావాలి. జవాబు వచ్చాక ఆసుపత్రివాళ్లు, అసలు కాగితమే కావాలి, నకలు చెల్లదన్నారు. మెకానిక్ కాళ్లరిగేలా తిరిగాడు. ఒకరోజు కౌంటరు దగ్గర అరిచి, బయటికి వెళ్లగొట్టించుకుని, మర్నాడు వెళ్లి అదే గుమాస్తాకు క్షమాపణ చెప్పుకున్నాడు.

పెద్దకోడలి విషయంలో మాత్రం ఎవరూ ఆలస్యం చెయ్యలేదు. విచారణ మర్నాడు పొద్దున గేటు దగ్గర కాపలా మనిషి, "నిన్ను లోపలికి పంపొద్దన్నారు పెద్దమ్మాయ్," అని తల దించుకున్నాడట. ఆమె తిరిగొచ్చి, అన్నం గిన్నె పొయ్యి మీదినుంచి దించి, మిగిలిన పనేదో చేసుకుంది. తర్వాత రెండు వీధుల అవతల ఒక హోటల్లో గదులు ఊడ్చే పనికి కుదిరింది. కూతురు సెలవులకు వచ్చినప్పుడు చదువు ఆపేస్తానంటే చెవి మెలిపెట్టింది.

చివరికి డాక్టరు కట్టు విప్పించి, చేతిని బల్లమీద పెట్టి, ఒక్కో వేలినీ మెల్లగా వంచి చూసిన రోజు తోడికోడళ్లిద్దరూ వెళ్లారు. అతను చిన్నకోడలి ముఖంవంక చూడకుండా వేళ్లతోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"బొటనవేలూ చూపుడువేలూ వస్తాయి. మధ్యవేలికి ప్రయత్నం చేస్తాను. ఈ చివరి రెండూ... అప్పుడే వచ్చుంటే చెప్పగలిగేవాణ్ని. ఇప్పుడు మాటివ్వలేనమ్మా. ఆలోచించుకుని రండి."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ట్రాలీలు పోతున్నాయి. వాటిమీద దుప్పట్లు ముడతలు పడి ఉన్నాయి. లాండ్రీలో మిషన్ మీద ఎవరో కొత్తవాళ్లున్నట్టున్నారు.

"రెండు వేళ్లు," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ఆ చేతివంక చూసింది.

"మొదటిరోజే నోరు విప్పుంటే ఉండేవి. ఆ ఆఫీసూ, ఆ పెద్దమనిషీ, ఆ నిమిషంగాడూ అందరి మీదా కోపమే నాకు. కానీ వాళ్లెవరూ నాకు జడ వెయ్యలేదక్కా. నీ మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు. నువ్వు నాకోసం ఉద్యోగం పోగొట్టుకున్నావని అందరూ అంటున్నారు. నిజమే. అయినా పోవట్లేదు."

"కోపం పోగొట్టుకోమని నేనడిగానా? ఉంచుకో."

"ఎన్నాళ్లు?"

"నీ ఇష్టం. ఎక్కడికీ పోను కదా, ఒకే ఇల్లు."

చిన్నకోడలికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. ముక్కు తుడుచుకోవడానికి అలవాటుగా కుడిచెయ్యి ఎత్తింది. కట్టు లేని ఆ చెయ్యి ముఖం దాకా వచ్చి, వేళ్లు ఎటూ కదలక, మధ్యలో ఆగిపోయింది. పెద్దకోడలు చెంగుతో తుడవబోతే తల పక్కకు తిప్పేసుకుని ఎడం చేత్తో తనే తుడుచుకుంది.

లోపలినుంచి నర్సు తలుపు తీసి, "ఏమనుకున్నారమ్మా? తేదీ రాయమంటారా?" అని అడిగింది.

"రాయండి," అంది చిన్నకోడలు లేస్తూ. "ఎన్ని వస్తే అన్నే. ఇంకొక్కరోజు కూడా ఆగను."